సర్టిఫికెట్ వచ్చింది, ప్రశ్న మారలేదు: సోషల్ వర్కర్లకు మానసిక చికిత్సలో నిరంతర శిక్షణ

క్లుప్తంగా

డాక్టర్లు, నర్సులు, క్లినికల్ సైకాలజిస్టులు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలంటే ఎంతో కొంత చదువు కొనసాగించాలి. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసి ఉద్యోగంలో చేరిన సోషల్ వర్కర్‌కు ఆ నిబంధన లేదు, ఎందుకంటే రెన్యువల్ చేయించుకోవడానికి రిజిస్టరే లేదు. 2017, 2021లలో వచ్చిన రెండు చట్టాలు ఈ పరిస్థితిని కొంత మార్చగలవు. కానీ గంటలు లెక్కపెట్టడంతోనే సరిపెడితే సర్టిఫికెట్లే పెరుగుతాయి. కేసు దగ్గర మాట్లాడే తీరు మారాలంటే, ఆ మాటల్ని వినే సీనియర్ ఒకరు ఉండాలి.

క్యూలో నిలబడనివాళ్లు

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరు ఇప్పటికీ వెక్కిరింతే. "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుకునే ఊళ్లోనే, ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ఓపీ దగ్గర పొద్దున్నే జనం లైన్లో ఉంటారు. అయితే ఆ లైన్‌లో ఉన్నవాళ్లకంటే అక్కడిదాకా రానివాళ్లే చాలా ఎక్కువ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 18 ఏళ్లు దాటినవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. చికిత్స అందనివారి వాటా, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం. ఆ సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ కూడా లేదు. అంటే ఇక్కడి విధానాలకు ఆధారంగా చూపే ఈ లెక్కలో తెలుగు రాష్ట్రాల ఇల్లు ఒక్కటీ లేదు.

అలా ఆసుపత్రిదాకా రానివాళ్లు మరెక్కడో తేలతారు. భర్త కొట్టాడని, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి వచ్చిన మనిషికి మూడు వారాలుగా నిద్ర లేదని మాటల్లో తెలుస్తుంది. గంజాయి కేసులో బాలల సంరక్షణ విభాగానికి వచ్చిన కుర్రాడికి చెవిలో మాటలు వినిపిస్తుంటాయి. భరోసా కేంద్రం, డీ-అడిక్షన్ సెంటర్, హెచ్‌ఐవీ కౌన్సెలింగ్ గది, స్కూలు, బస్తీలో పనిచేసే స్వచ్ఛంద సంస్థ, వీటిలో ఎక్కడైనా ఆ మనిషి మొదట మాట్లాడేది సైకియాట్రిస్టుతో కాదు, చాలాసార్లు సోషల్ వర్కర్‌తోనే. ఆ సోషల్ వర్కర్ ఉస్మానియాలోనో, రోడా మిస్త్రీ కాలేజీలోనో, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) హైదరాబాద్ క్యాంపస్‌లోనో, ఉర్దూ యూనివర్సిటీలోనో ఎంఎస్‌డబ్ల్యూ చేసి ఉండవచ్చు. మానసిక ఆరోగ్యం తన రంగమని అనుకుని ఉండకపోవచ్చు. రంగమే వెతుక్కుంటూ వస్తుంది.

అందుకే శిక్షణకు గిరాకీ ఉంది. గిరాకీ ఉన్నచోట సరుకు కూడా వచ్చింది. రెండు రోజుల 'సర్టిఫైడ్ థెరపిస్ట్' కోర్సు, ఆదివారం వెబినార్, ఐదు ప్రశ్నల పోస్ట్-టెస్ట్ రాయగానే మెయిల్‌లో పడే సర్టిఫికెట్, వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి పోస్టర్లకు కొదవ లేదు. వీటిలో ఏది చెల్లుతుంది, ఏది తప్పనిసరి, ఏది ఉత్త కాగితం అన్న గందరగోళం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఎవరికి తప్పనిసరి, ఎవరికి కాదు

పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది. 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం డాక్టర్ ఐదేళ్లలో 30 గంటల శిక్షణ పొందాలి. నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన లెక్క ఐదేళ్లకు 150 గంటలు. క్లినికల్ సైకాలజిస్టులు 1992 చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలి కిందికి వస్తారు. వాళ్లు ఐదేళ్లలో 100 సీఆర్‌ఈ (నిరంతర పునరావాస విద్య) పాయింట్లు చూపించాలి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ లాంటి చోట్ల జరిగే తరగతులతో ఈ పాయింట్లు వస్తాయి.

సోషల్ వర్కర్ల సంగతికొస్తే ఒకే గదిలో మూడు రకాలవాళ్లు కూర్చుని ఉంటారు. పునరావాస సోషల్ వర్కర్ అనే వర్గం పునరావాస మండలి జాబితాలో ఉంది కాబట్టి వాళ్లకు పాయింట్లు వర్తిస్తాయి. సైకియాట్రిక్ సోషల్ వర్కర్, అంటే ఎంఎస్‌డబ్ల్యూ తర్వాత రెండేళ్ల ఎం.ఫిల్ చేసినవారు, ఆ మండలి కిందికి రారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 55 ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ వాళ్లను నమోదు చేసుకోవాలి. ఇక మూడో రకం, సంఖ్యలో అందరికంటే ఎక్కువమంది, ఉత్త ఎంఎస్‌డబ్ల్యూలు. లాయర్లకు బార్ కౌన్సిల్ ఉన్నట్టు వీళ్లకు జాతీయ స్థాయిలో ఒక కౌన్సిల్ లేదు. నమోదు లేదు కాబట్టి రద్దు భయమూ లేదు. నేర్చుకోవడం పూర్తిగా వాళ్ల ఇష్టానికి, ఉద్యోగమిచ్చిన సంస్థ దయకు వదిలేసినట్టే.

కాబట్టి పోస్టర్ మీద 'సీఆర్‌ఈ పాయింట్లు ఉన్నాయి' అని కనిపిస్తే మొదట చూసుకోవాల్సింది ఆ పాయింట్లు తనకు వర్తిస్తాయా అన్నది. ఎంఎస్‌డబ్ల్యూకు వాటితో చట్టపరంగా ఒరిగేది ఏమీ ఉండదు. తరగతి బాగుంటే నాలుగు విషయాలు తెలుస్తాయి, అంతే. రెండు రోజుల కోర్సు ఎవరినీ చట్టం చెప్పే మానసిక ఆరోగ్య నిపుణుడిగా మార్చదు.

2010లో చదివిన పాఠం

నిబంధన లేకపోతే ఏం పోయింది, ఎంఎస్‌డబ్ల్యూలో చెప్పారు కదా అని ఎవరైనా అనవచ్చు. 2010లో పట్టా తీసుకున్న మనిషిని ఊహించుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది. అప్పటి పాఠం ప్రకారం ఆత్మహత్యాయత్నం ఐపీసీ 309 కింద నేరం. 2018 మే 29న అమల్లోకి వచ్చిన కొత్త మానసిక ఆరోగ్య చట్టంలోని సెక్షన్ 115, అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ శిక్షించకూడదనీ చెప్పింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక 309 అనే సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగిని లొంగదీసుకోవడానికి చేసే ప్రయత్నానికి మాత్రమే 226 అనే వేరే సెక్షన్ మిగిలింది. ఇది తెలియని సోషల్ వర్కర్ "పోలీస్ కేసు అవుతుందేమో" అనే కుటుంబం భయానికి తానూ తల ఊపుతారు. ఆ భయంతో ఇంటివాళ్లు అసలు సంగతి దాచి, కడుపునొప్పి అని చెప్పి బయటపడతారు.

మారినవి ఇంకా ఉన్నాయి. అప్పటికి 1987 మానసిక ఆరోగ్య చట్టం నడుస్తోంది. చికిత్స గురించి ముందే రాసిపెట్టుకునే ఆదేశం, తన తరఫున మాట్లాడే ప్రతినిధిని ఎంచుకునే హక్కు అందులో లేవు. 1995 వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలు ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012లో వచ్చింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన ఐపీసీ 377లోని భాగాన్ని సుప్రీంకోర్టు 2018లో కొట్టేసింది. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11లో (ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణ) గేమింగ్ రుగ్మత, ఎంతకీ తగ్గని శోకం కొత్తగా చేరాయి. లింగ గుర్తింపుకు సంబంధించిన విషయాన్ని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసేశారు. పదిహేనేళ్ల కిందటి నోట్సు పట్టుకుని ఈ రోజు ట్రాన్స్ యువతి కేసు రాస్తే ఆ రాతే ఒక గాయమవుతుంది.

గోప్యత సంగతి మరీ చిన్నదిగా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. చట్టంలోని సెక్షన్ 23 చికిత్స వివరాలను గోప్యంగా ఉంచమంటుంది. కేసు పేపర్ ఫొటో తీసి "సీనియర్స్, ప్లీజ్ గైడ్" అంటూ గ్రూపులో పెట్టే అలవాటు మాత్రం స్మార్ట్‌ఫోన్‌తో వచ్చింది. పాత సిలబస్‌లో దాని గురించి ఒక్క ముక్క ఉండే అవకాశం లేదు.

రంది, బుగులు, ఘబ్రాహట్

భాష విషయంలో శిక్షణ ఎక్కువ తడబడుతుంది. స్లయిడ్లు ఇంగ్లిష్‌లో ఉంటాయి, కేసులు తెలుగులో, దక్కనీ ఉర్దూలో వస్తాయి. యాంగ్జైటీకి పుస్తకాల్లో 'ఆందోళన' అని రాసుకున్నాం. పేపర్ చదివేవాడికి ఆందోళన అంటే ధర్నా చౌక్. "మీకు ఆందోళనగా ఉంటుందా?" అని అడిగితే సంగారెడ్డి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఏం చెప్పాలో తెలియక చూస్తుంది. ఆవిడ మాటల్లో అది బుగులు. డిప్రెషన్‌కు మనం పెట్టుకున్న 'కుంగుబాటు' ఆవిడ నోట రాదు, "కొడుకు రంది పెట్టుకున్న" అంటుంది. పాతబస్తీలో అదే బాధ ఘబ్రాహట్ అవుతుంది. చదువుకున్న పిల్లలకైతే అన్నిటికీ ఒకటే మాట, టెన్షన్.

డిప్రెషన్ పరీక్షకు ఎక్కువగా వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది వచ్చినా, దాటినా లోతుగా చూడాలంటారు. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. తెలుగు అనువాదం చేతిలో ఉన్నంత మాత్రాన పని అయిపోదు. "గత రెండు వారాల్లో ఎన్ని రోజులు" అన్న కొలత దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఏ బతుకమ్మకో, ఏ పెళ్లికో గుర్తు కట్టి అడిగితే గానీ రోజుల లెక్క రాదు. ఒంట్లో చెప్పుకునే లక్షణాలు కూడా వేరు. నరాల బలహీనత, గుండెదడ, తల తిమ్మిరి, అరికాళ్ల మంటలు అంటూ మొదలయ్యే కథలో మనసు ఊసు పదో నిమిషంలో వస్తుంది. గాలి సోకిందనో, చేతబడి అనో చెప్పేవాళ్లతో వాదనకు దిగితే రెండోసారి రారు. దర్గాకు వెళ్లొద్దు అనకుండా "మందు కూడా వాడండి" అనడం ఒక నైపుణ్యం. ఇంగ్లిష్ వెబినార్‌లో దాన్ని నేర్పడం కష్టం.

'కదా' ఎందుకు పోదు

ఆత్మహత్య ప్రమాదాన్ని అంచనా వేయడం నేర్పే తరగతిని ఉదాహరణగా తీసుకోవచ్చు. 2022లో దేశంలో లక్ష జనాభాకు 12.4 ఆత్మహత్యలు నమోదైతే, తెలంగాణ రేటు దానికి రెట్టింపు పైనే. కాబట్టి ఇక్కడ ఈ తరగతి అదనపు అంశం కాదు, మొదటి అంశం.

తరగతిలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఒకరు సోషల్ వర్కర్, ఇంకొకరు ఇంటర్ తప్పిన కుర్రాడు. "ఇంట్లో ఎవరి మొహం చూడబుద్ధి కావట్లేదు మేడం. ఉండి ఏం లాభం అనిపిస్తుంది" అంటాడు కుర్రాడు. "అలాంటి పిచ్చి ఆలోచనలేం పెట్టుకోవట్లేదు కదా?" అంటారు సోషల్ వర్కర్. "లేదు మేడం" అంటాడు. ఫారంలో 'లేదు' దగ్గర టిక్ పడుతుంది.

ఆ వాక్యంలో ప్రశ్న లేదు. 'కదా'లోనే జవాబు ఉంది, 'పిచ్చి'లో తీర్పు ఉంది. మేడం ఏం వినాలనుకుంటున్నారో కుర్రాడికి అర్థమైంది, అదే చెప్పాడు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. ఈ మాట స్లయిడ్ మీద ఉంటుంది, అందరూ రాసుకుంటారు. అయినా సోమవారం కేసు దగ్గర 'కదా' మళ్లీ వచ్చేస్తుంది. కారణం తెలియకపోవడం కాదు, భయం. అవునంటే ఆ తర్వాత ఏం చేయాలన్న భయం. దాన్ని స్లయిడ్ తీయలేదు.

దీనికి ఆధారం కూడా ఉంది. 2004లో అమెరికాలో వ్యసన చికిత్సలో పనిచేసే 140 మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరికి పుస్తకం, వీడియో ఇచ్చి ఒక కౌన్సెలింగ్ పద్ధతిని నేర్చుకోమన్నారు. కొందరికి వర్క్‌షాప్ ఒక్కటే పెట్టారు. మిగతావారికి వర్క్‌షాప్ తర్వాత వాళ్ల సెషన్ల రికార్డింగ్ విని లోపాలు చెప్పడమో, ఫోన్‌లో కోచింగ్ ఇవ్వడమో, రెండూనో చేశారు. సొంతంగా చదివినవారిలో పెద్ద మార్పు లేదు. వర్క్‌షాప్ ఒక్కటే అయినవారు నేర్చుకున్నది నెలల్లో జారిపోయింది. తర్వాత సాయం అందినవారిలో నిలిచింది. చికిత్సకు వచ్చిన మనిషి మాటల్లో మార్పు కనిపించింది మాత్రం రెండూ అందినవారి దగ్గరే.

అనుభవమే నేర్పుతుందన్న నమ్మకానికి కూడా గట్టి ఆధారం లేదు. 170 మంది థెరపిస్టుల దగ్గరకు వచ్చిన 6,591 మంది ఫలితాలను 2016లో పరిశీలిస్తే, ఏళ్లు గడిచేకొద్దీ సగటున ఫలితాలు పెరగలేదు, కొద్దిగా తగ్గాయి. తన పొరపాటు తన చెవికి వినపడదు మరి.

మన దేశంలోనే ఒక నమూనా గోవాలో ఉంది. అక్కడ సంగత్ అనే సంస్థ సామాన్యులను కౌన్సెలర్లుగా తయారుచేసి, డిప్రెషన్‌కు ఆరు నుంచి ఎనిమిది సెషన్ల చికిత్స ఇప్పించింది. ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అందరూ చెప్పుకునేది సామాన్యులు చికిత్స ఇవ్వడం గురించే. అసలు కీలకం వేరే. ఆ కౌన్సెలర్లు గుంపుగా కూర్చుని ఒకరి సెషన్ రికార్డింగ్ ఒకరు విని, ఒక స్కేలు ప్రకారం మార్కులు వేసుకునేవారు.

బయటి దేశాల లెక్క

అమెరికాలో లైసెన్సు రాష్ట్రాల చేతిలో ఉంటుంది. కాలిఫోర్నియాలో క్లినికల్ సోషల్ వర్కర్ రెండేళ్లకు 36 గంటలు, న్యూయార్క్‌లో మూడేళ్లకు 36 గంటలు పూర్తిచేయాలి. వాషింగ్టన్ రాష్ట్రం 2012లో ఆత్మహత్య నివారణ శిక్షణను చట్టంతో తప్పనిసరి చేసింది. గంటలు పక్కాగా లెక్కపెడతారు. ఆ గంటల్లో ఏం మారిందో మాత్రం లెక్కపెట్టరు.

ఇంగ్లండ్ వేరే దారి పట్టింది. అక్కడ రిజిస్టర్ ఏటా రెన్యువల్ అవుతుంది. సోషల్ వర్కర్ ఏడాదిలో కనీసం రెండు విషయాలు నేర్చుకున్నట్టు రాసి చూపాలి, వాటిలో ఒకటి తోటి ఉద్యోగితో చర్చించినది అయి ఉండాలి. మానసిక ఆరోగ్య చట్టం కింద మనిషిని ఆసుపత్రిలో చేర్చే అధికారం ఉన్నవారికి మాత్రం ఏటా 18 గంటల శిక్షణ ఉంది. అంటే అధికారం పెరిగేకొద్దీ గంటలు పెట్టారు, మిగతావారికి ఆలోచన పెట్టారు. ఇది మనకు ఎక్కువ నప్పుతుంది. కాంట్రాక్టు జీతంతో బతికే ఉద్యోగి మీద 36 గంటల ఫీజు, సెలవు, చార్జీల భారం వేస్తే అది శిక్షణ కాదు, జరిమానా.

హైదరాబాద్‌లో ఇప్పుడున్నది

1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు దేశంలో ఎంచుకున్న తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఆ కార్యక్రమం బృందంలో సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, నర్సుతోపాటు సైకియాట్రిక్ సోషల్ వర్కర్ పోస్టు కూడా ఉంటుంది. అంటే ఇది ఈ ప్రాంతానికి కొత్త ఆలోచన కాదు.

దూరం నుంచి నేర్చుకునే దారి బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ తెరిచింది. దాని డిజిటల్ అకాడమీ 2018లో మొదలైంది. ఎకో పద్ధతిలో నడిచే తరగతుల్లో నిపుణులు ఒకచోట ఉంటారు, జిల్లాలవాళ్లు వీడియోలో తమ కేసును వివరిస్తారు, అందరూ చర్చిస్తారు. 2003లో అమెరికాలోని న్యూమెక్సికోలో హెపటైటిస్-సి చికిత్స కోసం పుట్టిన పద్ధతి ఇది. ఉపన్యాసం తక్కువ, కేసు ఎక్కువ. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ కూడా (నంబరు 14416, తెలుగులో మాట్లాడవచ్చు) కౌన్సెలర్లు ముందుండి, కష్టమైన కేసును పైనున్న నిపుణులకు అందించే అమరికతోనే నడుస్తుంది. తెలుగు కేసుల్ని తెలుగులోనే చర్చించే ఎకో తరగతి ఒకటి ఎర్రగడ్డ కేంద్రంగా వారం వారం నడిస్తే, బుగులు, రంది లాంటి మాటలు కూడా శిక్షణలోకి వాటంతటవే వస్తాయి. కొత్త భవనం అక్కర్లేదు. సీనియర్ల సమయం కావాలి, దొరకనిది కూడా అదే.

రిజిస్టర్ వస్తే

2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. రాష్ట్రాలు కౌన్సిళ్లు పెట్టి రిజిస్టర్లు తయారుచేయాలి. అమలు నత్తనడకన సాగుతోందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని, రాష్ట్రాలను గట్టిగానే అడిగింది. రిజిస్టర్ వస్తే రెన్యువల్ వస్తుంది, రెన్యువల్ వస్తే నేర్చుకోవాలన్న షరతుకు దారి ఏర్పడుతుంది. అదే రోజున సర్టిఫికెట్ల బజారు కూడా ఇంకా పెద్దదవుతుంది. కెమెరా ఆపేసి వెబినార్ నడిపించుకునేవాళ్లకు గంటలు దొరకడం కష్టమేం కాదు.

ఇంకో చిక్కు ఎం.ఫిల్‌ది. 2017 చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ నిర్వచనాన్ని ఎం.ఫిల్‌తో ముడిపెట్టింది. యూజీసీ 2022లో ఎం.ఫిల్‌ను ఎత్తేసింది. తర్వాత ఈ కోర్సుకు, క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 విద్యా సంవత్సరం వరకు మినహాయింపు ఇచ్చింది. నిర్ణయించిన వేరే అర్హతలను కూడా ఒప్పుకునే వెసులుబాటు చట్టంలో ఉంది కాబట్టి దారి మూసుకుపోలేదు. మరోపక్క, తగినంతమంది నిపుణులను పదేళ్లలో తయారుచేయాలని అదే చట్టంలోని సెక్షన్ 31 పెట్టిన గడువు 2028 మేతో ముగుస్తుంది. అంతమంది కొత్త ఎం.ఫిల్‌లు ఆలోపు రారు. ఇప్పటికే పనిలో ఉన్న ఎంఎస్‌డబ్ల్యూలకు నేర్పుకోవడమే మిగిలిన మార్గం.

నేర్పే సాధనం వాళ్లకు కొత్తదేం కాదు. ఎంఎస్‌డబ్ల్యూ ఫీల్డ్‌వర్క్‌లో ప్రతి విద్యార్థీ ప్రాసెస్ రికార్డింగ్ రాస్తాడు. ఎదుటి మనిషి ఏమన్నాడు, తాను ఏమన్నాడు, మాట మాటా కాగితం మీద పెట్టాలి. ఫ్యాకల్టీ ఎర్ర పెన్నుతో దిద్దుతారు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆ అలవాటు పోతుంది, నెలవారీ రిపోర్టులో 'కౌన్సెలింగ్ చేసిన కేసులు' అన్న గడిలో ఒక అంకె మాత్రం మిగులుతుంది. నెలకు రెండు కేసులకైనా పేర్లు, గుర్తులు తీసేసి ఆ రికార్డింగ్ మళ్లీ రాయించి, ఒక సీనియర్ దిద్దితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మొదటిసారి 'కదా' చుట్టూ ఎర్ర సున్నా పడుతుంది. రెండోసారి కూడా పడుతుంది. మూడోసారి కాగితం మీద "చచ్చిపోవాలని అనిపిస్తోందా బాబూ?" అని ఉంటుంది. దాని కింద కుర్రాడి జవాబు ఒక్క మాట కాదు, పేజీన్నర.